సేవల రూపకల్పనలో రోగులు, సిబ్బంది: భీమవరం, గోదావరి డెల్టా అనుభవం

ఆరోగ్య సేవ ఎలా ఉండాలో నిర్ణయించేటప్పుడు దాన్ని వాడుకునేవాళ్లు, రోజూ అందించేవాళ్లు మొదటినుంచీ పాల్గొనడాన్ని సహరూపకల్పన అంటారు. రోగి, రోగి ఇంటివాళ్లు, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, నర్సు, ఫిజియోథెరపిస్టు, పీహెచ్‌సీ డాక్టరు, వీళ్లందరి అనుభవాన్నీ వైద్యశాస్త్ర జ్ఞానం పక్కనే కూర్చోబెట్టడం దీని మూలసూత్రం. అభిప్రాయ సేకరణ వేరు, ఇది వేరు. సేవ తయారయ్యాక బాగుందా లేదా అని అడిగితే అది అభిప్రాయ సేకరణ. ఏ రోజు, ఏ వేళకు, ఎవరి చేతుల మీదుగా, ఏ మాటల్లో, ఏ మందులు దగ్గర పెట్టుకుని అందించాలో కలిసి తేల్చుకుంటే అది సహరూపకల్పన.

ఈ విషయంలో భీమవరం చుట్టుపక్కల పల్లెలకు ప్రత్యేక స్థానం ఉంది. బీపీ, షుగర్, గుండెజబ్బుల మీద దేశంలో జరిగిన పెద్ద గ్రామీణ పరిశోధనల్లో కొన్ని పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే జరిగాయి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్ల వాళ్లు చేయి చాపి రక్తపోటు చూపించుకున్నారు, వేలు ఇచ్చి రక్తం పరీక్ష చేయించుకున్నారు, ఇంట్లో పోయినవాళ్ల గురించి అడిగితే ఓపిగ్గా చెప్పారు. సేవ రూపం గురించి వాళ్లను ఎంతవరకు అడిగారు, చెప్పినదాంట్లో ఎంత అమలైంది అన్నది ఈ వ్యాస విషయం.

భావన పుట్టుక

ప్రజలు తమ ఆరోగ్య రక్షణకు ప్రణాళిక వేయడంలోనూ అమలు చేయడంలోనూ పాల్గొనడం వాళ్ల హక్కు, బాధ్యత అని 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన స్పష్టం చేసింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1969లో, అమెరికాకు చెందిన షెరీ ఆర్న్‌స్టీన్ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనతో పోల్చింది. అడుగు మెట్ల మీద జనాన్ని ఒప్పించే తంతు మాత్రమే ఉంటుంది, పై మెట్ల మీద నిర్ణయాధికారం ఉంటుంది. ఏ కార్యక్రమాన్నయినా అంచనా వేయడానికి ఈ నిచ్చెన ఇప్పటికీ పనికొస్తుంది. 1970లలో నార్వేలో యంత్రాలు, కంప్యూటర్ల రూపకల్పనలో కార్మిక సంఘాలకు చోటు దొరికింది. 1983లో ఎయిడ్స్‌తో జీవిస్తున్నవాళ్లు డెన్వర్‌లో సమావేశమై, తమ గురించిన నిర్ణయాల్లో తమకు స్థానం కావాలని ప్రకటించారు. 2000 తర్వాతి దశకంలో ఇంగ్లండ్‌లోని లూటన్ ఆసుపత్రిలో తల, మెడ క్యాన్సర్ రోగులు, సిబ్బంది కలిసి తమ విభాగాన్ని సరిదిద్దుకున్నారు. అనుభవం ఆధారంగా సేవను దిద్దే పద్ధతి అక్కడినుంచి చాలా దేశాలకు పాకింది. దీర్ఘకాలిక జబ్బులతో బతికేవాళ్లను అర్థవంతంగా భాగస్వాములను చేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక చట్రాన్ని విడుదల చేసింది.

తెలుగు నేలకు ఈ ఆలోచన మరీ కొత్తేమీ కాదు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణులకు, బాలింతలకు మూడు పూటలా భోజనం పెట్టే పోషకాహార కేంద్రాలను తామే నడిపారు. హెచ్‌ఐవీ నివారణ పనుల్లో రాజమండ్రి కేంద్రంగా కేర్ ఇండియా నడిపిన సక్షమ్ ప్రాజెక్టు, సెక్స్ వర్కర్లనే కార్యకర్తలుగా, నాయకులుగా నిలబెట్టే పద్ధతిని అనుసరించింది.

చావుల లెక్క చెప్పిన నిజం

2001లో ఏర్పాటైన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు నడిపింది. భీమవరం పక్కన ఉన్న గరగపర్రు, దాన్ని స్థాపించిన సత్యం కంపెనీ అధినేతల కుటుంబం ఊరే. హైదరాబాద్‌లోని కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలతో కలిసి ఈ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, 1,80,162 మంది జనాభాలో, ఏడాది పాటు జరిగిన ప్రతి మరణాన్నీ నమోదు చేశారు. పల్లెల్లో డాక్టరు రాసిన మరణ కారణం సాధారణంగా ఉండదు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, పోయినవాళ్ల చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంటివాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఆ వివరాలు చదివి డాక్టర్లు కారణం నిర్ధారించారు.

అలా లెక్కకు వచ్చినవి 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించాయి. గాయాలు, ప్రమాదాల వాటా 13 శాతం, అంటువ్యాధులది 12 శాతం. గుండెపోటు, పక్షవాతం పట్నంలో డబ్బున్నవాళ్లకొచ్చే జబ్బులని అప్పట్లో విస్తృతంగా అనుకునేవారు. పల్లెల్లో పనిచేసే ఆరోగ్య యంత్రాంగం మొత్తం కాన్పులు, టీకాలు, క్షయ, మలేరియా చుట్టూ అల్లుకుని ఉండేది. 2006లో ఈ లెక్కలు అచ్చయ్యాక ఆ నమ్మకం నిలవలేదు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనం 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించి, వందలో 13 మందికి మధుమేహం ఉందని తేల్చింది.

ఇంటివాళ్ల నోటిమాటే శాస్త్రీయ ఆధారంగా నిలిచిన సందర్భం ఇది. ఆర్న్‌స్టీన్ నిచ్చెన మీద మాత్రం ఇది కింది మెట్టే. ఏ జబ్బు చంపుతోందో ఊరు చెప్పింది, ఏం చేయాలో బయటివాళ్లు నిర్ణయించారు.

పోస్టర్లు, వీధి నాటకాలు, ఒక పాఠం

తర్వాతి అడుగు గ్రామీణ ఆంధ్రప్రదేశ్ హృద్రోగ నివారణ అధ్యయనం. 44 గ్రామాల్లో రెండు పద్ధతులు పరీక్షించారు. ఒకటి ప్రచారం: పోస్టర్లు, వీధి నాటకాలు, ర్యాలీలు, సభలు. రెండోది, డాక్టరు కాని ఆరోగ్య కార్యకర్త ఒక నిర్ణీత పద్ధతి ప్రకారం గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లను గుర్తించి వైద్యానికి పంపడం. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. ప్రచారం వల్ల జనానికి ఉన్న అవగాహనలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. కార్యకర్త పద్ధతి ఉన్న ఊళ్లలో ముప్పున్నవాళ్లలో 63 శాతాన్ని గుర్తించగలిగారు, లేని ఊళ్లలో 51 శాతాన్ని. అయితే గుర్తించిన మేరకు మందుల వాడకం పెరగలేదు.

ఈ ఫలితాన్ని వైఫల్యమని పక్కన పెట్టేయడం అన్యాయం. సేవల రూపకల్పనలో అత్యంత విలువైన సంగతి ఇక్కడే బయటపడింది. మంచి మాట బయటినుంచి తయారుచేసి తెచ్చి వినిపిస్తే ఊరు వింటుంది, కానీ దాంతో అలవాటు మారదు. ఉప్పు తగ్గించమనే పోస్టరు ఆవకాయ జాడీ ఉన్న వంటింట్లో, ఎండు చేపలే రోజు కూరగా సాగే ఇంట్లో ఏం చేయగలదు? తగ్గించాల్సింది దేన్ని, బదులుగా తినాల్సింది ఏమిటి అన్నది ఆ వంట చేసే మనిషితో కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

2009 జనవరిలో సత్యం కంపెనీ సంక్షోభంతో ఫౌండేషన్‌కు ఉన్న అండ తగ్గిపోయింది. ఒకే దాత మీద ఆనుకున్న సేవకు ఆ దాత కష్టమే తన కష్టమవుతుంది. ఊరికి, ప్రభుత్వానికి అందులో మొదటినుంచీ వాటా ఉంటే పరిస్థితి వేరు. ఆ తర్వాతి పరిశోధనలు ప్రభుత్వ పీహెచ్‌సీలను, ఆశా కార్యకర్తలను ఆధారం చేసుకున్నాయి.

ఆశా చేతిలో ట్యాబ్

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పల్లెకు ఆశా కార్యకర్తను ఇచ్చింది. ఆమె ఆ ఊరి మనిషి. ఏ ఇంట్లో ఎవరికి ఏ మాత్ర నడుస్తోందో, ఏ అత్త కోడలిని ఆసుపత్రికి పంపదో, ఏ ముసలాయన బీపీ మాత్ర మధ్యమధ్యలో మానేస్తాడో ఆమెకు తెలుసు. కాన్పులు, టీకాల పనికి నియమించిన ఈ మనిషి గుండెజబ్బుల పని చేయగలదా అన్న ప్రశ్నకు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’తో సమాధానం వెతికింది.

ముందుగా 11 గ్రామాల్లో, 11 మంది ఆశాలు, ముగ్గురు పీహెచ్‌సీ డాక్టర్లతో చిన్న స్థాయిలో ప్రయత్నించారు. ఆశా ట్యాబ్ పట్టుకుని ఇంటికి వెళ్తుంది. వయసు, పొగతాగే అలవాటు, బీపీ, షుగర్ నమోదు చేస్తుంది. రాబోయే పదేళ్లలో గుండెపోటు లేదా పక్షవాతం వచ్చే ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కగట్టి చెబుతుంది. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ల వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకు చేరతాయి. ఈ దశలో అంకెలతోపాటు ఆశాలు, డాక్టర్లు, ఊరివాళ్లతో జరిపిన సంభాషణలను కూడా ఆధారాలుగా సేకరించారు. రూపకల్పన చరిత్రలో ఈ సంభాషణలకు ట్యాబ్ కన్నా ఎక్కువ విలువ ఉంది. ఆశాలు పరికరాన్ని ఇష్టపడ్డారు, దాన్ని వాడడం తమకు కష్టం కాలేదన్నారు. అడ్డంకులు కూడా అప్పుడే చెప్పారు: పీహెచ్‌సీలో డాక్టరుకు తీరిక లేదు, మందులు సరిగ్గా అందవు, తమకు పని పెరుగుతోంది.

ఆ తర్వాత పాత పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో పెద్ద పరీక్ష జరిగింది. 40 ఏళ్లు దాటిన 62 వేలకు పైగా మందిని చూశారు, వందలో సుమారు 14 మందికి ముప్పు ఎక్కువని తేలింది. 2019లో ప్రచురించిన ఫలితం ప్రకారం, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో కొత్త పద్ధతి ఉన్న కాలానికీ లేని కాలానికీ మధ్య గణనీయమైన తేడా లేదు.

చిన్న ప్రయత్నంలో ఆశాలు, డాక్టర్లు ఎత్తి చూపిన అడ్డంకులను గుర్తుచేసుకుంటే ఈ ఫలితాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆశా తలుపు తడుతుంది, ముప్పు చెబుతుంది, పీహెచ్‌సీకి వెళ్లమంటుంది. అక్కడ డాక్టరు ఉండాలి. డాక్టరు రాసిన మాత్ర అక్కడే దొరకాలి. నెల తర్వాత మళ్లీ దొరకాలి. ఈ గొలుసులో ట్యాబ్ మొదటి కొక్కెం మాత్రమే. సేవను అందించే చేతులను అడిగి కొక్కేన్ని బాగా తయారుచేశారు. మిగతా గొలుసు ఎవరి అధికారంలో ఉందో వాళ్లు ఆ సంభాషణలో లేరు. మందుల కొనుగోలు, పోస్టుల భర్తీ, ఓపీ వేళలు నిర్ణయించే స్థాయికి పల్లె మాట చేరకపోతే సహరూపకల్పన సగంలోనే ఆగిపోతుంది. డెల్టా ప్రయోగాలన్నిటిలో నేర్చుకోదగ్గ పెద్ద సంగతి ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తర్వాత రాష్ట్రంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, 104 వాహనంలో డాక్టరు ఊరికే వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చాయి. ఈ పద్ధతిని 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభించారు. రోగి డాక్టరు దగ్గరకు వెళ్లడానికి బదులు డాక్టరు, మందులు ఊళ్లోకి రావడం గొలుసులో తెగే చోటును చూసి వేసిన అడుగే.

మనసు జబ్బు గురించి మాట్లాడినవాళ్లు

రోగి గొంతు రూపకల్పనలోకి నేరుగా వచ్చిన ఉదాహరణ మానసిక ఆరోగ్య రంగంలో ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కే చెందిన పల్లవ్ మౌలిక్ నాయకత్వంలో పాత పశ్చిమ గోదావరి జిల్లాలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ నడిచింది. దిగులు, ఆందోళన వంటివి జబ్బులని గానీ, వాటికి పీహెచ్‌సీలో వైద్యం ఉంటుందని గానీ ఊహించని చోట ట్యాబ్ ఒక్కటే ఏం చేయగలదు? అందుకే ముందు సిగ్గు, భయం తగ్గించే పని పెట్టుకున్నారు. ఇంటింటికీ కరపత్రాలు, వీధి నాటకంతోపాటు, మానసిక సమస్యతో బతికిన మనిషే తన అనుభవాన్ని చెప్పే వీడియో చూపించారు.

30 గిరిజన గ్రామాల్లో 5,007 మందిని పరిశీలిస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. వాళ్లలో మానసిక వైద్య సేవ వాడుకున్నవాళ్ల శాతం 0.8 నుంచి 12.6కు పెరిగింది. నాటకం ఇక్కడా ఉంది, గుండెజబ్బుల ప్రచారంలోనూ ఉంది. ఇక్కడ మాట్లాడినవాళ్లలో జబ్బు పడి లేచిన మనిషి కూడా ఉన్నారు, ప్రచారం వెనకే సేవ కూడా గడపలోకి వచ్చింది. తర్వాత పశ్చిమ గోదావరితోపాటు హర్యానాలో, 44 పీహెచ్‌సీల పరిధిలోని 133 గ్రామాల్లో పెద్ద పరీక్ష జరిగింది. 2024లో వెలువడిన ఆ ఫలితాల్లో దిగులు లక్షణాలు చెప్పుకోదగ్గంత తగ్గినట్టు తేలింది.

వ్యాయామ సేవ ఎవరి కోసం

వ్యాయామం విషయంలో డెల్టాకు తనదైన చిక్కు ఉంది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లోనో, కాలువ గట్టు మీదో నడిచే ఉద్యోగికి, వ్యాపారికి ఈ మాట సరిపోతుంది. సార్వా, దాళ్వా ఊడ్పుల్లో రోజంతా బురదలో నడుం వంచే ఆడమనిషికి నడవమని చెబితే ఆమె వినదు, వినకపోవడం తప్పూ కాదు. ఆమెకు కావాల్సింది నడుం నొప్పి తగ్గించే సాగుదల కసరత్తులు, మోకాళ్లకు బలం. రొయ్యల చెరువు మీద రాత్రంతా ఏరేటర్లు కనిపెట్టుకుని పగలు నిద్రపోయే కాపలాదారుకు ఉదయం ఆరు గంటల యోగా తరగతి పనికిరాదు. రొయ్యల ప్లాంట్లలో చల్లటి నేల మీద గంటలకొద్దీ నిలబడే ఆడపిల్లల పాదాల నొప్పి, మెడ నొప్పి వేరు. పెద్ద కులాల ఇళ్లలో కొందరు ఆడవాళ్లు ఒంటరిగా రోడ్డు మీద నడవడానికి మొహమాటపడతారు, వాళ్లకు నలుగురు కలిసి నడిచే బృందం కావాలి. సేవ ఒకటే అయితే వీళ్లలో ఎవరో ఒకరికే అందుతుంది. ఊడ్పులు ఏ వారాల్లో పడతాయో, చెరువుకు మేత ఏ వేళకు వేస్తారో తెలిసినవాళ్లే వ్యాయామ తరగతికి వేళ పెట్టగలరు.

గుండెపోటు తర్వాత కోలుకునే వ్యాయామ సేవ విషయంలో దేశంలో మంచి ప్రయత్నం ‘యోగా కేర్’. పడమటి దేశాల్లో సైకిళ్లు, ట్రెడ్‌మిల్లులతో, ప్రత్యేక సిబ్బందితో నడిచే పునరావాస తరగతులు మన ఆసుపత్రుల్లో చాలావరకు లేవు. వాటి బదులు యోగా ఆధారంగా మూడు నెలల కార్యక్రమాన్ని రూపొందించారు. 24 ఆసుపత్రుల్లో 3,959 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మళ్లీ గుండెపోటు, మరణం వంటివి స్పష్టంగా తగ్గినట్టు తేలలేదు. కానీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగినప్పుడు రోగులు చెప్పిన జవాబు మెరుగ్గా ఉంది, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం ఎక్కువైంది. గుండెపోటు నుంచి లేచిన రైతును, చేపల వ్యాపారిని అడిగితే వాళ్లు మొదట అడిగేది మళ్లీ పనికి వెళ్లగలనా అనే. ఏ ఫలితాన్ని కొలవాలో నిర్ణయించేటప్పుడు రోగిని కూడా అడగాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

పక్షవాతం విషయంలో మరో పరీక్ష కఠినమైన పాఠం నేర్పింది. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో జరిగిన ‘అటెండ్’ పరీక్షలో కుటుంబ సభ్యులకు ఇంట్లో వ్యాయామాలు చేయించే శిక్షణ ఇచ్చారు. ఫిజియోథెరపిస్టులు తక్కువ, ఇంట్లో మనుషులు ఎక్కువ ఉన్న దేశంలో ఇది సహజంగా తోచిన ఆలోచన. 2017లో వెలువడిన ఫలితంలో రెండు వర్గాలకూ తేడా రాలేదు. ఆరు నెలల తర్వాత మరణించినవాళ్లు లేదా ఇతరుల మీద ఆధారపడినవాళ్లు రెండింటిలోనూ 47 శాతమే. పక్షవాతం పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టే భార్య అప్పటికే వంట, పిల్లలు, కూలి పని మోస్తూ ఉంటుంది. ఇంటివాళ్ల ప్రేమ ఎంత ఉన్నా అది ఫిజియోథెరపిస్టుకు బదులు కాదు. రోగిని చూసుకునేవాళ్లకు ఇంకొంత పని అప్పజెప్పడాన్ని భాగస్వామ్యం అనకూడదు.

2025 మే 21 నుంచి జూన్ 21 వరకు సాగిన యోగాంధ్ర కార్యక్రమం పల్లె పల్లెకూ యోగా మాట చేర్చింది. విశాఖలో ముగింపు రోజున మూడు లక్షల మందికి పైగా పాల్గొన్నారు. ఆ ఉత్సాహం ఒక నెల తర్వాత వారం వారం సాగే సేవగా మారాలంటే దాని వేళను, చోటును, గురువును ఊరే ఎంచుకోవాలి.

కమిటీల్లో కుర్చీలు

రోగి మాట నమోదయ్యే చట్రాలు కాగితం మీద చాలానే ఉన్నాయి. 1994లో ఇండోర్ మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో మొదలైన రోగి కల్యాణ్ సమితి నమూనా తర్వాత జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో చేరింది. మన ఆసుపత్రుల్లో అభివృద్ధి సంఘాలు, గ్రామాల్లో ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలు, 2023 వరకు హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా పిలిచిన కేంద్రాలకు జన ఆరోగ్య సమితులు ఉన్నాయి. సర్పంచి, ఏఎన్‌ఎం, ఆశా, స్వయం సహాయక సంఘం నాయకురాలు వీటిలో ఉంటారు. బీపీ మాత్ర రోజూ వేసుకునే సామాన్యుడికి, పక్షవాతం పడ్డ భర్తను చూసుకునే భార్యకు కమిటీలో తప్పనిసరి కుర్చీ ఉంటే ఆ నెల మాత్ర ఎన్ని రోజులు దొరకలేదో మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

కమిటీకి రావడానికి రోజు కూలి పోగొట్టుకునేవాళ్లకు ఆ కూలి ఇవ్వాలి. ఆశాలకు 2019 నుంచి రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఉంది. కొత్త సర్వేలు, కొత్త యాప్‌లు, కొత్త సమావేశాలు ఆ పది వేలలోనే ఇమడాలని చూస్తే వాళ్లు రూపకల్పనకు మనసు పెట్టలేరు.

2022 ఏప్రిల్ 4న భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు, జిల్లా వైద్యాధికారి కార్యాలయం ఇప్పుడు ఉండి, ఆకివీడు, వీరవాసరం, పాలకోడేరు ఊళ్లకు బస్సు దూరంలో ఉన్నాయి. నిర్ణయం తీసుకునే బల్లకూ, మాత్ర వేసుకునే ఇంటికీ మధ్య దూరం ఈ ఊళ్లకు ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఈ చట్రాల్లో ఎక్కడా కనపడని మనిషి ఒకరు మిగిలారు. రాత్రి పదకొండింటికి గుండెలో బరువుగా ఉంటే డెల్టా పల్లెలో మొదటి కబురు వెళ్లేది ఆర్‌ఎంపీకి. ఆయనకు గుర్తింపు పొందిన వైద్య పట్టా ఉండదు, చాలాచోట్ల ఇవ్వకూడని సూదులూ ఇస్తాడు, దాన్ని వెనకేసుకురావడం కుదరదు. కానీ 108కు ఫోన్ చేయించాలా, ఒక మాత్ర ఇచ్చి పొద్దున్నదాకా ఆపాలా అన్న నిర్ణయం ఆ రాత్రి చాలాసార్లు ఆయన నోటినుంచే వస్తుంది. గుండెపోటు సేవ గురించి ఊళ్లో మాట్లాడేటప్పుడు ఆయనను పిలిచి, ఆ గంటలో ఏం చేయకూడదో, ఎవరికి ఫోన్ చేయాలో ముఖాముఖి ఒప్పుకునేలా చేయడం భీమవరం ప్రాంతంలో రాబోయే ఏ రూపకల్పన అయినా పూర్తి చేయాల్సిన పని.